ఏ కణం, అప్పా?

అప్పా,

బాగున్నావా అని అడగడం ఈ తమ్ముడికి అలవాటు కాబట్టి అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. సంవత్సరీకం ఇంట్లోనే చేశాం. నీ మరదలు ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. నువ్వుంటే ఏదో ఒకటి అనేదానివి, తను నవ్వేది. ఆ రోజు అందరం మజ్జిగ పోసుకుని తినేశాం...

బిలాస్‌పూర్‌లో మన తోర్వా ఇల్లు అలాగే ఉంది. నేను రోజూ గోల్ బజార్‌లో స్టీలు సామాను కొట్టుకి వెళ్తున్నాను, సాయంత్రం ఆ రోజు లెక్క రాసి ఇంటికి వస్తున్నాను. నీ కంప్యూటర్ ముందు గదిలోనే ఉంది. దాని మీద దుప్పటి కప్పుదామని నీ మరదలు అంటే వద్దన్నాను. నీకు ఇష్టం ఉండదు కదా. “అది మనిషి కాదురా, చలేయదు. వేడికే సచ్చిపోతాది” అనేదానివి.

ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. నిధి సంగతి నీకు చెప్పాలి.

నువ్వు పోయేసరికి నీ దగ్గర పరిశోధన చేస్తున్న ఆఖరి పిల్ల తనే కదా. నెహ్రూ నగర్ నుంచి స్కూటీ మీద వచ్చి, నిన్ను మేడమ్ అనీ నన్ను మామాజీ అనీ పిలిచే పిల్ల. యూనివర్సిటీవాళ్ళు తనకి వేరే గైడుని ఇచ్చారు. మంచివాడే. నీమీద గౌరవం ఉన్నవాడే. కానీ నిధి సిద్ధాంత గ్రంథంలో ఆఖరి అధ్యాయం, అదే నీ పద్ధతితో చేసిన లెక్క, ఆయన ముందు నిలబడలేదు. సరిచెయ్యగలిగితే సరిచెయ్యి, లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యమన్నాడు.

తీసేస్తే ఏం మిగులుతుంది అప్పా? తనకి పట్టా వస్తుందేమో. నీ ఆఖరి రెండేళ్ళ పని మాత్రం ఎక్కడా ఉండదు.

మీ అక్క ఏం చేసేదని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ తడబాటే. నువ్వు నాకు చెప్పినట్టు ఇంకొకరికి చెప్పడం నావల్ల కాదు. ఇంటర్‌తో ఆగిపోయినవాణ్ణి, కొట్టులో లెక్కలు రాసుకునేవాణ్ణి పిలిచి ఒక ప్రోగ్రామింగ్ పుస్తకం చేతిలో పెట్టావు. “నేర్పడానికి నాకు తీరిక లేదు. నువ్వే చదువు. అర్థం కానిచోట గీత పెట్టు” అన్నావు. నెల తరవాత పుస్తకం తిరగేసి, “గీత లేని పేజీ ఒక్కటైనా ఉందేటిరా?” అన్నావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నన్నే ఎందుకు పిలిచావని అడిగితే ఏమన్నావో గుర్తుందా? “కాలేజీ పిల్లలు పాసయి ఎల్లిపోతారు. నువ్వెక్కడికెల్తావు?” నేను దాన్ని మెప్పు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

న్యూట్రాన్ గురించి మొదటిసారి చెప్పినప్పుడు నువ్వు బల్ల మీద రెండు అగ్గిపెట్టెలు పెట్టావు. నాన్న బిలాస్‌పూర్ రైల్వే యార్డులో డబ్బాలు అటూ ఇటూ మార్చే షంటింగ్ డ్యూటీ చేసిన మనిషి కదా, మనకి తెలిసిన పోలికతోనే మొదలుపెట్టావు. “ఇంజను తోసి ఒదిలీసిన డబ్బా వచ్చి, ఆగున్న డబ్బాని గుద్దితే ఏటవుతాది? వచ్చింది ఆగిపోతాది, ఆగున్నది పోతాది. బరువులు ఒకటే కాబట్టి. మన ఒంట్లో చాలావరకు నీళ్ళు. నీళ్ళలో హైడ్రోజన్. దాన్లో ఉన్న ప్రోటాన్ బరువు న్యూట్రాన్ బరువుకి ఇంచుమించు సమానం. న్యూట్రాన్ గుద్దుతాది, ప్రోటాన్ బయల్దేరుతాది. దార్లో ఉన్నవన్నీ చిందరవందర చేసుకుంటూ కొంచెం దూరం పోయి ఆగిపోతాది.”

అంటే నష్టం చేసేది న్యూట్రాన్ కాదా అని అడిగాను. “అది నీలాంటిదేరా. మాటా లేదు, పలుకూ లేదు. ఎవరి జోలికీ పోకుండా ఎంత దూరమైనా పోతాది. తగిలినోడికే తెలుస్తాది” అన్నావు. నీ మరదలు వంటింట్లోంచి విని ఎంతసేపు నవ్విందో...

వాన సంగతి కూడా నువ్వే చెప్పావు. కొన్ని కిరణాలు తుంపరలాంటివి, కాలనీలో ప్రతి ఇంటినీ సమానంగా తడుపుతాయి. న్యూట్రాన్ దెబ్బ వడగళ్ళలాంటిది. “మొత్తం మీద పడిన నీరు అంతే కావచ్చు. కానీ ఒక క్వార్టర్ పెంకులు పగిలిపోతాయి, పక్క క్వార్టర్‌లో ఆరేసిన చీర కూడా తడవదు. ఊరంతటికీ సగటు చెప్తే ఏటి తెలుస్తాది?” ఒంట్లో ఒక ముక్కకి సగటున ఎంత శక్తి చేరిందో కొలవడానికి చాలామంది ఉన్నారు. కంటికి కనిపించనంత చిన్న చోట, ఒక్కొక్క జీవకణంలో, ఎంత పడిందో చూడాలన్నది నీ పట్టుదల.

దానికే ఆ ప్రోగ్రాము. గవ్వలు వేసినట్టు కంప్యూటర్ ఒక్కొక్క న్యూట్రాన్‌ని వేస్తుంది. ఎక్కడ తగిలింది, ప్రోటాన్ ఎటు పోయింది, ఏ చోట ఎంత వదిలింది... అన్నీ రాసుకుంటూ పోతుంది. నువ్వు ప్రతి మెట్టు దగ్గరా నాకోసం తెలుగులో ఒక వాక్యం రాసేదానివి. అక్షరాలు ఇంగ్లీషువి, మాట తెలుగు. నిధి వాటిని చూసి తల పట్టుకునేది. “నేర్చుకో తల్లీ, మా తమ్ముడు హిందీలో ఆలోచించలేడు” అని ఆ పిల్లనే దెప్పేదానివి.

ఆ తెలుగు మాటే ఇంత పని చేస్తుందని నీకు తెలుసా?

లెక్క కట్టే చివరి భాగం నువ్వు పూర్తి చెయ్యలేదు. ఏం చెయ్యాలో మాత్రం రెండు వాక్యాలు రాసి ఉంచావు. “ప్రతి కణానికీ ఎంత పడిందో కూడు. పడని కణాలూ లెక్కే.” నిధి వాటిని చూసి ఆ భాగం తనే రాసింది. పోయిన వానాకాలంలో ఒకసారి ఫోన్ చేసి, కణం అంటే హిందీలో కణ్ యేనా అని అడిగింది. నేను కొట్టులో ఉన్నాను, ఎదురుగా బేరం ఉంది. ఔనన్నాను. అచ్ఛా అని పెట్టేసింది.

కణ్ అంటే హిందీలో ప్రోటాన్, న్యూట్రాన్‌లాంటివి. జీవకణాన్ని వాళ్ళు కోశికా అంటారు. మనకి రెంటికీ ఒకటే మాట. భౌతికశాస్త్రం పాఠంలోనూ కణమే, జీవశాస్త్రం పాఠంలోనూ కణమే. కొట్టేదాని పేరూ, దెబ్బ తగిలేదాని పేరూ ఒకటే. నేనన్న ఔను తప్పు కాదు, కానీ సగమే.

ఆ పిల్ల ఒక్కొక్క ప్రోటాన్ పోతూ ఎంత వదిలిందో చక్కగా కూడింది, ప్రోటాన్ల లెక్కతో భాగించింది. రెండో వాక్యం తనకి అర్థం కాలేదు. కణం మీద ఏదో పడకపోవడమేమిటని, అది మరో పనికి రాసిందేమో అనుకుని వదిలేసింది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్ల అంతకన్నా ఏం చేస్తుంది?

గైడు చూసి ఒకే ప్రశ్న అడిగాడట. ముక్క మొత్తానికి ఇచ్చిన శక్తి ప్రకారం సగటు ఇంత ఉండాలి, నీ సగటు దానికి ఎన్నో రెట్లు వస్తోంది, ఆ ఎక్కువ ఎక్కడినుంచి వచ్చిందని. న్యాయమైన ప్రశ్న. నిధి లెక్క మొత్తం మళ్ళీ చూసుకుందట. నాకు ఫోన్ చేసి, మేడమ్ పద్ధతిలోనే ఏదో... అని ఆపేసింది.

ఆ రోజంతా నాకు అదే ఆలోచన అప్పా. నీ పద్ధతి తప్పయి ఉంటుందా? నువ్వు లేనప్పుడు నీ తరఫున చెప్పడానికి నేనెవరిని?

ఆదివారం నాడు నిధి ఇంటికి వచ్చింది. నీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. తన గ్రాఫు బొమ్మ చూపించింది. అడుగున శక్తి, పైకి ఎన్నిసార్లు అన్నది. గీత ఎడమవైపు నుంచి చక్కగా లేచి, కుడివైపుకి సాగి తగ్గిపోతోంది. అందంగానే ఉంది. చాలాసేపు చూశాను. ఏదో లేదు అనిపిస్తోంది, ఏం లేదో తెలియడం లేదు.

అప్పుడు వడగళ్ళ గురించి నువ్వన్న తక్కిన మాట గుర్తొచ్చింది. “పగిలిన ఇళ్ళకే ఎల్లి అడిగితే ఊరు మొత్తం పోయిందనుకుంటావు. పడని ఇంటికి కూడా ఎల్లి తలుపు కొట్టాలి. ఆ ఇంటాయనా ఊళ్ళోవాడే కదా.” నిధి బొమ్మలో సున్నా దగ్గర ఏమీ లేదు. ఏమీ తగలని ఇల్లు ఒక్కటీ లేదు. పోయిన ప్రోటాన్ ఎక్కడో ఏదో ఒకటి వదిలే పోతుంది కాబట్టి, ప్రోటాన్లని లెక్కపెడితే సున్నా ఎలా వస్తుంది?

ఈ కణం ఏ కణం అని నేనే నిధిని అడిగాను. తను నా ముఖం చూసింది. నువ్వు ఒక్కసారైనా ప్రోటాన్‌ని కణం అన్నావా అని గుర్తుచేసుకున్నాను. లేదు. ప్రోటాన్ అంటావు, లేదా డబ్బా అంటావు. నీ నోట కణం అంటే ఎప్పుడూ ఒంట్లోదే, ఇల్లులాంటిదే. ఈ సంగతి నా బేరాల హిందీలో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అగ్గిపెట్టెలు తీసుకురావలసి వచ్చింది. వాటికి ఎదురుగా పోపు డబ్బాలో గిన్నెలు తీసి ఇళ్ళలాగా వరసగా పెట్టాను. పోపు డబ్బా ఖాళీ చేసినందుకు నీ మరదలి చేత చీవాట్లు తిన్నాను.

అర్థమవగానే నిధి నుదురు కొట్టుకుంది. తరవాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నువ్వు చూసి ఉంటే మీ ఇద్దరి తెలివీ తెల్లారినట్టే ఉందనేదానివి, కాదా?

దిద్దింది తనే. నేను పక్కన కూర్చుని నీ వాక్యాలు పైకి చదివాను, అంతే. ఒక్కొక్క జీవకణంలోకి వచ్చిన ప్రోటాన్లన్నీ కలిపి ఎంత వదిలాయో కూడి, ఏమీ రానివాటిని కూడా చేర్చి, మొత్తం జీవకణాలతో భాగించడం. మన పాత కంప్యూటర్‌కి అది కొన్ని రోజుల పని. కొట్టుకి వెళ్ళేముందు చూసేవాణ్ణి, వచ్చాక చూసేవాణ్ణి. కరెంటు పోకూడదని నీ మరదలు దేవుడికి దీపం పెట్టింది.

వచ్చింది అప్పా. సగటు, ముక్కకి ఇచ్చిన శక్తితో సరిపోయింది. బొమ్మలో సున్నా దగ్గర ఒక పొడవాటి స్తంభం లేచింది. ఏమీ తగలని జీవకణాలే ఎక్కువ. అక్కడక్కడా ఒకదానికి మాత్రం భరించలేనంత. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిందే అది. నేను తెర మీద చెయ్యి పెట్టి చూశాను. ఎందుకో తెలియదు...

గైడు అధ్యాయం ఉంచమన్నాడు. దెబ్బల లెక్క వేరు, దెబ్బ తగిలేవాటి లెక్క వేరు అన్నది వివరంగా ఒక పేజీ రాయమన్నాడు. నిధి రాసింది. పద్ధతి నీదని మొదటి వాక్యంలోనే ఉంది.

నేను నీకు ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ నువ్వు ఏదో పని చెప్పేదానివి. నాకు చదువు అబ్బలేదని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నువ్వు అనుకోలేదు. జాలిపడి కాదు, నిజంగానే నీకు పని ఉండి పిలిచావు. తప్పు చేస్తే కసిరావు, సరిగ్గా చేస్తే ఏమీ అనకుండా తరవాతి పని ఇచ్చావు. ఒంట్లో అంత చిన్న చోట ఏం జరుగుతుందో తెలిసి బతకడం ఎంత బాగుంటుందో నీవల్లే తెలిసింది. అది లేకపోతే నా సాయంత్రాలు ఏమయ్యేవి? నువ్విచ్చింది చాలా పెద్దది అప్పా. బతికుండగా చెప్పి ఉంటే నువ్వు ఏమనేదానివో...

వచ్చే నెల నిధికి మౌఖిక పరీక్ష. బయటినుంచి పెద్దలు వస్తారట, ఎవరైనా వచ్చి వినొచ్చట. మామాజీ రావాలంది. మేడమ్ కూర్చునే చోట ఎవరో ఒకరు ఉండాలంది.

నిన్ను స్కూటర్ మీద దింపడానికి యూనివర్సిటీకి ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. గేటు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. “లోపలికి రారా, ఎవుళ్ళూ కరవరు” అని ప్రతిసారీ పిలిచేదానివి. నేను రాలేదు. వేపచెట్టు కింద స్కూటర్ పెట్టుకుని నీకోసం చూసేవాణ్ణి.

వస్తాను అప్పా. ఆ రోజు కొట్టుకి సెలవు పెడతాను. గేటు దాటి, మెట్లెక్కి, ముందు వరసలో కూర్చుంటాను. ఆ పిల్ల నీ కణం గురించి చెబుతుంటే వింటాను.

ఉంటాను,
నీ తమ్ముడు