విరగని మాత్ర

కాశీబుగ్గ,
12-8-2004.

యామిని నాన్నగారికి,

మీ కామాక్షి నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ పిల్ల, నేను, మన గేదె బాగానే ఉన్నాం. సూరత్‌లో ఆ మగ్గాల మోతలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్యాన్సర్ ముదిరినదానివి బాగానే ఉండడమేమిటి అనుకుంటారేమో. ఎందుకు అలా రాశానో కింద చెబుతాను.

ముందు మీరు అడిగినవి. అన్నం తింటున్నాను. మొన్న కవిటి నుంచి కొబ్బరికాయలు వస్తే పచ్చడి చేయించుకున్నాను. యామిని బడి మానలేదు, మాననివ్వను. టెక్కలి నుంచి నర్సు కాంతమ్మ గారు మంగళవారం మంగళవారం వచ్చి రొమ్ము మీద పుండు కడిగి కట్టు కడుతున్నారు. ఇప్పుడు వాసన లేదు.

నొప్పి మాత్రలకు నేను అలవాటు పడిపోతానని మీ అన్నయ్య వైకుంఠరావు గారు మీకు ఫోన్ చేశారట. నాతోనూ అన్నారు. "మరి ఈ నొప్పికి అలవాటు పడమంటారేటి బావగారూ?" అని అడిగాను. కండువా దులుపుకుని వెళ్లిపోయారు.

ఇక విశాఖ సంగతి. మళ్లీ ఇంజెక్షన్లు పెట్టించడానికి నెలాఖరుకు వచ్చి, కారు మాట్లాడి తీసుకెళ్తానని రాశారు. నేను రాను. అవి ఇక రోగాన్ని తగ్గించవని డాక్టరు మనిద్దరికీ చెప్పారు. మీరు నేల చూపులు చూశారు, నేను విన్నాను. ఆసుపత్రి వరండాలో వాంతులు చేసుకుంటూ మిగిలిన రోజులు పోగొట్టుకోను. కోపం వస్తే రానివ్వండి.

మీ దగ్గర ఒకటి దాచాను. జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పప్పుకి పొట్టు తీసినదాన్ని. విరగని పప్పు బజారుకి, ముక్కలు మనకి. మాత్రల విషయంలోనూ అదే చేశాను. పూటకి సగం ముక్క మింగి, విరగనివన్నీ బియ్యం డబ్బాలో దాచాను. మీరొచ్చినప్పుడు అవి వేసుకుని, మీ ముందు మూలగకుండా నవ్వుతూ తిరగాలని. దానికోసం మూడు వారాలు పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకున్నాను.

డబ్బా చూసి కాంతమ్మ గారు మండిపడ్డారు. "నొప్పొచ్చాక కాదు, గంట సూసి నిండు మాత్ర ఎయ్యాలని సెప్పానా? మొగుడొచ్చాక నవ్వడానికి ఇప్పుడు ఏడుత్తావేటి? ఈ పూట నీది కాదేటి?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, నా మీద నాకే కోపం వచ్చి.

అప్పటి నుంచి గంట చూసి నిండు మాత్రే వేసుకుంటున్నాను. నొప్పి అణిగింది. నిన్న ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్లాను. బుచ్చమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. గంటసేపు పొట్టు తీశాక, విరగని పప్పొకటి తీసి నోట్లో వేసుకున్నాను.

మేస్త్రీ ఢిల్లీశ్వరరావు చూశాడు. "ఏటమ్మా కామాక్షీ, అది నిండు పప్పు కదేటి" అన్నాడు.

"తెలుసు" అన్నాను. వాడి మొహం చూస్తూనే మొత్తం నమిలాను.

మీరు రండి. కారు మాట్లాడకండి, నా పక్కన కూర్చోవడానికి రండి. బియ్యం డబ్బాలో మీకోసం దాచినవేవీ లేవు. అన్నీ నేనే వేసుకుంటున్నాను.

ఇట్లు,
యామిని అమ్మ,
మీ కామాక్షి.