నోరు మెదపని పరామర్శ

కశింకోట

బిందుమాధవి వదినకి నమస్కారాలు. త్రినాధరావు మామ తప్ప ఇక్కడందరం కులాసా.

ఫోన్లో చెబితే ఇంటిల్లిపాదీ వింటారు, ఉత్తరమే రాయమన్నావుగా! కన్నబాబు షేర్ ఆటోలో పంపుతున్నాను. గండం గడిచినవాళ్లకి మొదటి రోజుల్లో తోడుండడం ఎలాగో అనకాపల్లిలో మా ఆశా వర్కర్లకి నువ్వు నేర్పి పంపావో లేదో, నాకు పని తగిలింది. మామ బెల్లం వండే పాక కాలిపోయింది. ఒంటి మీద బొబ్బ కూడా లేదు గానీ, అప్పట్నుంచీ మంచం దిగడు. పొయ్యి వెలిగిస్తే వణికిపోతాడు. చెరకేమో చేలో ఎండిపోతోంది. బెల్లం వండే మనిషి నిప్పుకి భయపడితే ఇల్లెలా గడుస్తుందని కనకమహాలక్ష్మి అత్త బెంగ.

నువ్వు చెప్పినట్టే, ఎలా అంటుకుందని అడగలేదు. మంచినీళ్లిచ్చి, "ఏటి కావాలి మామా?" అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. సరే, ఆయన్ని విసిగించకుండా నేనూ, నాతో శిక్షణకొచ్చిన తలుపులమ్మా, బుజ్జీ అరుగు మీద నోరు మూసుకుని కూర్చున్నాం. తలుపులమ్మ నోరు మూయడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

నీ ఆడపడుచు,
సత్యలక్ష్మి

తా.క.: వీధిలోవాళ్లు "ఏటైంది?" అనడిగారు. లోపలి సంగతి బయటకి చెప్పకూడదన్నాను. పాపం, చెప్పులు విప్పి, తలలు దించుకుని మా పక్కనే కూర్చున్నారు. ఎంత మర్యాదో!

*

అనకాపల్లి

సత్యలక్ష్మికి మీ వదిన దీవెనలు.

భేష్! మన పరామర్శంటే ప్రతివాళ్లూ జరిగిందంతా మళ్లీ చెప్పించుకుని, ఓ సలహా పారేసి పోవడమే కదా. మీ వీధి మారిపోయింది. వాళ్లనీ కూర్చోనివ్వు. ఎవరడిగినా వివరం చెప్పకు.

ఆనందంతో,
బిందుమాధవి

తా.క.: మీ గురించి మా ఆఫీసరు గారికి గొప్పగా చెప్పేశాను. చూడ్డానికి వస్తారట.

*

కశింకోట

వదినా, కొంప మునిగింది.

మామ పోయాడనుకున్నారు! ఆడవాళ్లు అరుగు మీద మాటాపలుకూ లేకుండా కూర్చుంటే మన వైపు ఏమనుకుంటారో నీకైనా తట్టొద్దా? కోటవురట్ల నుంచి మామ అక్కగారు ఆటోల నిండా చుట్టాలతో దిగి, వీధి మొదట్నుంచే "ఓరి నా తమ్ముడో, నన్నొగ్గేసి ఎలిపోనావా" అని శోకాలు. వాళ్లతో వచ్చిన దేవీప్రసాద్ బావ పూలదండ కూడా తెచ్చాడు. గోలకి మామ గుమ్మంలోకొచ్చి "ఎవులు పోయేరే?" అన్నాడు. ఆయన్ని చూసి అక్కగారు దబ్బున పడిపోయింది. ఆవిణ్ణి చూసి ఇంకొందరు పడ్డారు.

కన్నబాబు హారన్ కొడుతున్నాడు. మిగతాది రేపు.

కంగారులో,
సత్యలక్ష్మి

తా.క.: దండ మంచిది. నీళ్లు చల్లి ఉంచాం. ఆఫీసరు గారికి వేద్దామా?

*

అనకాపల్లి

సత్యా,

వెంటనే ఆయన్ని వీధిలోకి తెచ్చి అందరికీ చూపించు. వద్దు వద్దు, బలవంతం చేయకూడదు. అసలే బెదిరిన మనిషి! ఇక పొయ్యి వంక చూడకపోతే ఆ పాపం నాదే. రాత్రి అన్నం సయించలేదు.

మీ వదిన

తా.క.: ఆ దండ ముందు దాచెయ్.

*

కశింకోట

వదినకి నమస్కారాలు. ఇక అన్నం తిను.

ఆ రోజు మా వల్ల కాకపోతే అందరినీ మామే చూసుకున్నాడు. అక్కగారి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఏటీ అడగనులే. నీల్లు తాగు. ఏటి కావాలో సెప్పు" అన్నాడు. నేను ఆయనకి చెప్పిన మాటలే! ఆవిడ "టీ" అంది. వెనకున్న చుట్టాలంతా "మాకూ" అన్నారు.

అంతమందికి గ్యాసు పొయ్యి చాలదు. మామ పెరట్లో కట్టెల పొయ్యి ముందు కాసేపు నిలబడ్డాడు. అగ్గిపుల్ల గీసి, వెంటనే ఊదేశాడు. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మళ్లీ గీశాడు. పొయ్యి వెలిగింది. నేను మాత్రం నువ్వు నేర్పినదంతా మరిచిపోయి భోరున ఏడ్చేశాను. చుట్టాలు టీలు తాగి, చక్కెర తక్కువైందని వంకపెట్టి వెళ్లారు.

నిన్న పక్కవాళ్ల పాకలో చెరకాడించి బెల్లం దించాడు. కన్నబాబు చేత పంపిన ముక్క అదే. దారిలో వాడు కొరకకుండా ఉంటే అందుతుంది.

ఇట్లు, కడుపు నిండిన
సత్యలక్ష్మి

తా.క.: నీ తర్వాతి శిక్షణకి మామ వస్తాడట, నేర్చుకోడానికి కాదు, నేర్పడానికి. "మీ వదినకి సెప్పు. నోరు మూసుకోటం మంచిదే గానీ, ముందు మనిసి బతికున్నాడని సెప్పి, ఆనక మూసుకోండి" అన్నాడు.