పొట్టి తాడు

విశ్వాసమ్మా, నాకేమీ కాలేదు, కంగారు పడొద్దు. గండికోట కింద పెన్నలో మేము చూసుకునే పడవలన్నీ మునిగిపోయాయి. ఒడ్డున కట్టేటప్పుడు మా పెద్దాయన అబూబకర్, "పెన్నకు నీళ్లు యాడొస్తాయప్పా, తాడు పొట్టిగా కట్టు, పడవ బండలకు తగలకుండా ఉంటాది" అన్నాడు. నాకూ అదే నిజమనిపించి అలాగే కట్టాను. నిన్న ఎగువన వాన పడి నీళ్లు పెరిగాయి. తాడు పట్టేయడంతో పడవలు నీటితో పాటు పైకి లేవలేదు. కత్తి తెచ్చేలోగా ముక్కు కిందికి పెట్టి ఒక్కొక్కటే మునిగింది. ఇక్కడ ఇక పని లేదు.

నీ తమ్ముడు జ్ఞానరాజును ఇక్కడికి పనికని పంపొద్దు. పాపకు దగ్గు తగ్గిందా? అత్తమ్మకు వందనాలు. శనక్కాయ చేను ఎండుతోందని రాశావు. ఆదివారం చర్చిలో అందరూ వాన కోసం మోకరిస్తారు కదా, నువ్వూ మోకరించు. అప్పుడు మాత్రం నన్ను తలుచుకోవద్దు.

యేసుప్రసాద్