మెట్లు ఊడ్చే వారం

స్టుట్‌గార్ట్

అమ్మకు,
యావన్మంది బంధుమిత్రులకు తెలియజేయడమేమనగా, ఈ వారం మా వాకిలి మెట్లు ఊడ్చే వంతు నీ కూతురిది!

'ఈ వారం మీ వంతు' అని రాసిన పలకను ఇంటి యజమాని క్నాప్ స్వయంగా నా తలుపుకి తగిలించాడు. ఈ చక్రాల కుర్చీతో ఆ మెట్లు దిగలేను, వాలుబల్ల వేయించమని ఏడాదిగా మొత్తుకుంటుంటే "చూద్దాంలే" అన్న మనిషే.

"నా బదులు మా అమ్మ వచ్చి ఊడుస్తుందిలెండి. తొంభై ఏళ్లావిడ" అన్నాను.

"వద్దు తల్లీ! వీధివాళ్లు చూస్తే నా మొహాన ఉమ్ముతారు" అన్నాడు.

దెబ్బకి నిన్న వాలుబల్ల బిగించారు. ఈ ఇంట్లో చేరాక మొదటిసారి ఒక్కదాన్నే రొట్టెల కొట్టుకి వెళ్లొచ్చాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ప్లమ్ జామ్ రెండు సీసాలు పంపు. నాన్నకు ముద్దులు.

క్నాప్ ఫోన్ చేస్తే కాస్త వణుకుతూ మాట్లాడు. నీకు డెబ్బయ్యొకటేనని నాకు తెలుసు. తొంభై నేను పుట్టించిందే, తిట్టకు.

నీ రోస్విత