ముడుపు కట్టిన తూటాలు

పత్తికొండ, ఫిబ్రవరి 1

తమ్ముడు పెంచలయ్యకు మీ అక్క హనుమమ్మ రాసేది. నీ మోకాలు ఎట్లుండాది? సుందరలక్ష్మికి దగ్గు తగ్గిందా? మనవరాలు ప్రణీతకు జొరం పోయిందా? ఎనుము ఈనే నెల గదా, అది మేత తింటాందా? ఈడ నేను బాగుండాననే అనుకుంటాండా.

టమాటా లారీ తోలే రంగన్న చెప్పినాడు, నువ్వు నాయన తుపాకి దించి, సీసం కరగబెట్టి తూటాలు పోస్తాండావంట. అది నాయన కాలానికే ముసలిది. అడుగున ఉండే ఇనప కొక్కెం కిందికీ పైకీ ఆడిస్తేనే గదా తూటా ఎక్కేది. దాంట్లో వేలు ఇరుక్కుంటే? గొట్టం పగిలి కన్ను పోతే? ఫోన్లో అడుగుదామంటే పోలీసోళ్లు వింటారేమోనని జాబు రాస్తాండా.

ఇట్లు,
నిద్ర లేని మీ అక్క

తా.క. సీసం ఏ గిన్నెలో కరగబెడతాండావు? దాంట్లో పప్పు చేయొద్దని సుందరలక్ష్మికి చెప్పు. చేసింటే నాకు చెప్పొద్దు.

వేంపల్లె, ఫిబ్రవరి 5

అక్కకు దండాలు. అందరం బాగుండాము, ఎనుము గూడా.

అడివిపందులు చెనిక్కాయ చేను తవ్వి పోస్తాండాయి. అటవీ ఆఫీసోళ్లు కాల్చుకోమని వచ్చే నెల దంకా అనుమతి ఇచ్చినారు. తుపాకికి లైసెన్సు ఉండాది గానీ, దానికి సరిపోయే తూటాలు ఇప్పుడు యాడా దొరకవు. అందుకే అచ్చులో పోసుకుంటాండా. సీసం మెత్తన, తేనెమైనం పూయకుంటే గొట్టానికి అంటుకుంటాది. గట్టు మీద కుండ పెట్టి తుపాకితో కొట్టి చూసినా. కుండ పగిలింది, గొట్టం పగల్లే. నీ భయం పోవల్లని రంగన్న చేతికి నాలుగు తూటాలు ఇచ్చి పంపిస్తాండా. మందు లేని ఉత్త సీసం. పట్టుకొని చూడు.

ఇట్లు,
పెంచలయ్య

తా.క. గిన్నె సంగతి చెప్పొద్దంటివి గదా. చెప్పలే.

పత్తికొండ, ఫిబ్రవరి 9

తమ్మునికి అక్క రాసేది. తూటాలు ముట్టినాయి. ఈతకాయల మాదిరి నున్నగుండాయి. అంత నున్నటివి ఇంట్లో పెట్టుకొని నేనెట్ల పండుకునేది? పసుపుగుడ్డలో ముడుపు గట్టి మహానందికి పోయినా. నా తమ్మునికి ఏమీ గాకూడదు సామీ అని మొక్కి హుండీలో ఏసినా. ఇంగ నీకేం భయం లేదు. నాకే కొంచెం ఉండాది.

ఇట్లు,
హనుమమ్మ

తా.క. అన్ని ముడుపుల్లో ఇది ఎవురిదో సామికి తెలియల్ల గదా. అందుకని చీటీ మీద నీ పేరు, గోత్రం, ఊరు, ఇంటి నెంబరు రాయించి లోపల పెట్టినా.

వేంపల్లె, ఫిబ్రవరి 16

అక్కకు దండాలు. సామికి తెలిసిందో లేదో గానీ పోలీసోళ్లకు తెలిసింది. హుండీ విప్పినప్పుడు తూటాలు చూసి, చీటీ పట్టుకొని నేరుగా ఇంటికొచ్చినారు. గుడికి బెదిరింపు పంపినావా అన్నారు. "మా అక్క మొక్కు సార్" అంటే, "మీ అక్కది ఏ ముఠా?" అన్నాడు ఎస్సై. తుపాకి, అచ్చు, పోసిన తూటాలు అన్నీ నంద్యాల స్టేషనుకు ఎత్తకపోయినారు. పందులు సగం చేనే మిగిలిచ్చినాయి. ఆ సగమన్నా దక్కల్లంటే నువ్వు పోయి జరిగింది చెప్పల్ల.

ఇట్లు,
పెంచలయ్య

తా.క. మన గోత్రం పేరు ఏదో రహస్య సంకేతం అనుకున్నారు. వీధిలో అందరితో విచారించినారు.

పత్తికొండ, ఫిబ్రవరి 20

నాయనా పెంచలయ్యా, నంద్యాలకు పోయి చెప్పినా. ఎస్సై నవ్వి, తుపాకి ఇచ్చేస్తామన్నాడు. నేనే వద్దన్నా. అది పగలదని నా కండ్లతో చూసినాకే ఇయ్యండి అంటి. ఏసేపు అనే పోలీసాయన వాళ్లు కాల్చడం నేర్చుకునే మైదానంలో కుండ పెట్టి కొట్టినాడు. తగల్లే. తూటాలు సరిగ్గా పోయలేదమ్మా అన్నాడు.

నా తమ్ముడు పోసిన తూటాల్ని అంటే నేనెట్ల ఊరుకునేది? ఇట్ల ఇయ్యప్పా అని తీసుకొని, కొక్కెం ఆడిచ్చి నేనే కొడితి. కుండ పోయింది. ఏసేపు పెంకులు ఏరను పోయినాడు.

నాకేం గాలే గానీ, నీకేమన్నా అయితాదనే భయం అట్లే ఉండాది. అందుకని నువ్వు తూటాలు పోసి, మైనం పూసి, దూరంగా కూచో. తుపాకి ముట్టొద్దు. పందుల సంగతి నేను చూసుకుంటా.

ఇట్లు,
మీ అక్క

తా.క. తుపాకి బస్సులో తేకూడదంట, పోలీసు జీపులో పంపిస్తారంట. నంద్యాలలో దాంట్లోనే ఎక్కి నేనూ వస్తాండా. నన్ను పట్టకపోతాండారని వీధిలో ఎవురూ ఏడవకుండా ముందే చెప్పిపెట్టు. ఇరవై ఆరు, గురువారం, పొద్దున్నే.