లోపలి ముడి

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. మూడు విమానాలు మారినా పెట్టె తప్పిపోలేదు. నేనే తప్పిపోయాను. యూరప్‌లో ఇంత పాత ఊళ్ళో ఏ వీధీ తిన్నగా వెళ్ళదని నాకెవరు చెప్పారు? రాళ్ళు పరిచిన సందులోంచి ఇంకో సందు, అందులోంచి మరోటి. ఇళ్ళన్నీ ఒకటే పోలిక. "తప్పిపోతే ఉన్నచోటే నిలబడు, ఎవరో ఒకరు వస్తారు" అని నా చిన్నప్పుడు చెప్పేదానివి కదా. గంటల గోపురం కింద అరగంట నిలబడ్డాను. నలభై ఏళ్ళదాన్ని, ఏడుపొక్కటే తక్కువ. ఎవరూ రాలేదక్కా. చివరికి నేనే నడిచాను. కాళ్ళు వాచాయి గానీ గది దొరికింది.

గది మూడో అంతస్తులో. ఇంటావిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. పొద్దున్నే ఇద్దరం గంగిరెద్దుల్లా తలలూపుకుంటాం.

మా కాలేజీ వాళ్ళు పంపిన ఈ రెండు నెలల లైబ్రరీ శిక్షణ మొదలైంది. నువ్వడిగిన పెద్ద పుస్తకం ఇదే లైబ్రరీలో ఉంది! కానీ అద్దాల పెట్టెలో, కుట్టున్న వీపు గోడవైపు తిప్పి పెట్టారు. ఏడాదికోసారి దుమ్ము దులపడానికి తీస్తారట. అది వచ్చే నెల మొదటి సోమవారం. ఆరోజు రమ్మన్నాడు అక్కడి గడ్డం పెద్దాయన.

నువ్వు చెప్పినట్టే కుట్టడానికి కాగితానికి ఎడమపక్క రెండు వేళ్ళ జాగా వదిలాను.

నీ చింపిరి


ఒసే చింపిరీ, నా బంగారూ,

ఎవరూ రాకపోతే నువ్వే నడిచావు చూడు, అదే నాక్కావలసింది. అమ్మ పోయినప్పటి నుంచీ నిన్ను కొంగున కట్టుకు తిప్పాను. అది నా తప్పే. (రాసేవాడి మాట: ఈ ముక్క చెప్పి కళ్ళు తుడుచుకుంది.) (మీ బావని నోర్మూసుకుని రాయమన్నాను. ఇదీ రాశాడు.)

ఫోన్ వద్దన్నానని అలగకు. పక్కింట్లో నిలబడి అరవాలి, నాకేమో ఆయాసం. పైగా ఫోన్ మాటని కుట్టి దాచుకోలేను. నీ ఉత్తరాలన్నీ కలిపి పుస్తకం కుడతాను. వీపు మీద బంగారు అక్షరాలు మీ బావ వేస్తాడు. ఏం వేసినా నాకు తెలియదనుకో. ఇన్ని వేల పుస్తకాలు కుట్టి, అక్షరం ముక్క రానిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. (రాసేవాడి మాట: ఒకసారి లెక్కల పుస్తకాన్ని తలకిందులుగా కుట్టింది. అడిగితే, లెక్కలు ఎటునుంచి చూసినా ఒకటే అంది.)

ముప్పై ఏళ్ళ కిందట రిపేరుకొచ్చిన ఓ బొమ్మల పుస్తకంలో చూశానే ఆ పెద్ద పుస్తకం ఫోటో. అంత లావు పుస్తకం తెరిస్తే బల్ల మీద చాపలా పరుచుకుంది. మనం కుట్టినవి చెయ్యి తీయగానే టపీమని మూసుకుంటాయి. ఎలా కుట్టాడో మహానుభావుడు! వీపున తాళ్ళెన్ని, ముడి ఎక్కడ వేశాడు, చూసి రాయి. అది తెలిస్తే చాలు నాకు. చూడకుండా మధ్యలో వచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను. (రాసేవాడి మాట: డాక్టరు మళ్ళీ వచ్చాడు. గుండె బాగా అలిసిపోయిందన్నాడు. ఇది కొట్టేయమంది. కొట్టేయలేదు.)

సంతకం రాదు కాబట్టి ఎప్పట్లాగే కింది మూల ఎర్రదారంతో ముడేశాను.

అక్క


ప్రియమైన అక్కకి,

బావ బ్రాకెట్లో రాసిన ఆఖరి ముక్క చదివాక అన్నం సయించలేదు. నిజం చెప్పు, వచ్చేయనా? పుస్తకం నాలుగొందల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఇంకెక్కడికీ పోదు. నువ్వు ఊఁ అను, టికెట్ మార్చుకుంటాను.

నీ ఉత్తరం వెనక్కి తిప్పి ముడిని తడిమి చూశాను. చేతిలో చెయ్యి పెట్టినట్టుంది. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. కానీ కొత్త ఊళ్ళో రోజంతా ధైర్యంగా ఉండి ఉండి, గదికొచ్చి తలుపేసుకోగానే నీరుగారిపోతున్నాను. "తిన్నావా" అనడానికి మనిషి లేదు.

వెంటనే రాయి. నా మీద ఒట్టు.

నీ చింపిరి


ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం అందింది. నా గురించి బెంగ పెట్టుకోకు. ఆయాసం తగ్గింది. ఇప్పుడు అస్సలు లేదు. హాయిగా పడుకుంటున్నాను.

షాపు కొన్నాళ్ళు మూశాం. మీ బావ వంట నేర్చుకుంటున్నాడు. ఉప్పు ఎక్కువవుతోంది.

నువ్వు మాత్రం రావద్దు. ఆ సోమవారం దాకా ఉండు. పుస్తకం చూసి, చెప్పినవన్నీ రాయి. అది చూడకుండా నువ్వు తిరిగి రాకూడదు. ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

వేళకి తిను. కింద ముడి ఉంది.

అక్క


ప్రియమైన అక్కకి,

చూశాను. ఏడు తాళ్ళక్కా! ఒక్కొక్కటీ చిన్నపిల్ల జడంత లావు. దారం ప్రతి తాడునీ చుట్టుకుని మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోతోంది. మనలా వీపు నిండా జిగురు పూసి గట్టిగా బిగించలేదు. దానికి వంగే వీలుంచాడు. అందుకే తెరిస్తే అలా పడుకుంటుంది. ఇంతే సంగతి. ముప్పై ఏళ్ళు నిన్ను వేధించింది ఇదే.

గడ్డం పెద్దాయన నా చేతులు కడిగించి ముట్టుకోనిచ్చాడు. మధ్యలో ఒకచోట పాత దారం తెగితే, ఎప్పుడో ఎవరో వేరే రంగు దారంతో కుట్టారు. ఎవరని అడిగాను. పేరు ఎక్కడా లేదన్నాడు. ముడి మాత్రం లోపలే ఉంది, మడతలో, చదివేవాళ్ళ కంట పడకుండా. అచ్చం నువ్వు వేసినట్టే. అది చూసి భోరుమన్నాను. పాపం ఆయన కంగారుపడి కుర్చీ వేశాడు. పుస్తకం తడవకుండా దూరంగా వేశాడనుకో.

ఈ ఉత్తరం బావని రెండుసార్లు చదవమను. పైకి, పెద్దగా చదవమను.

నీ చింపిరి


ప్రియమైన చెల్లికి,

రెండుసార్లు చదివించుకున్నాను. పెద్దగానే. ఏడు తాళ్ళు. ముడి లోపల. ఇంక నాకేమీ అక్కర్లేదు.

జాగ్రత్తగా రా.

అక్క


ప్రియమైన బావకి,

అవును, నీకే రాస్తున్నాను.

నువ్వు ఇన్నేళ్ళూ పుస్తకాల వీపు మీద పేర్లు వేసినవాడివి. నీకు బయటి పనే తెలుసు. అందుకే ఎర్రదారం చక్కగా కనబడాలని కాగితం ముందువైపు ముడేశావు. అక్క ఏనాడైనా ముడి బయటికి కనబడనిచ్చిందా? పైగా బ్రాకెట్లో నీ గొణుగుడు లేదు. అక్క చెబుతుంటే నువ్వు నోర్మూసుకుని రాయడం ఈ జన్మలో జరిగిందా?

ఆ మొదటి దొంగ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూలబడిపోయాను. ఇంటావిడ వచ్చి పక్కన కూర్చుంది. పెట్టె సర్దేశాను. కానీ ఉత్తరం రావడానికే వారం పట్టింది. పరిగెత్తుకొచ్చినా నాకు అక్క కనబడదు. చివరి చూపు కూడా లేకుండా చేశావని నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. లేదని అబద్ధం చెప్పను. నాకు చెప్పొద్దని అక్క నీ చేత ఒట్టు వేయించుకునే ఉంటుంది, నాకు తెలుసు. అయినా కోపం ఉంది.

మరి తెలిసీ ఎందుకు అక్కకే రాశానంటావా? నువ్వు అక్కలా రాస్తున్నంతసేపూ ఆ ఇంట్లో అక్క మాట వినబడుతుంది. దాన్ని నీ దగ్గర లాక్కోబుద్ధి కాలేదు. నాకూ ఇంకొక్కసారి "ప్రియమైన అక్కకి" అని రాసుకోవాలనిపించింది. ఏడు తాళ్ళ సంగతి దానికి తెలియకుండానే పోయింది బావా. ముప్పై ఏళ్ళు ఆగింది, ఇంకో రెండు వారాలు ఆగలేకపోయింది. అందుకే నిన్ను పెద్దగా చదవమన్నాను. అది కూర్చునే చోట వైపు తిరిగి చదివే ఉంటావు.

నేను పది రోజులకి బయల్దేరతాను. ఈ ఉత్తరం నాకంటే ముందే చేరాలి. నన్ను గుమ్మంలో చూసి, ఎలా చెప్పాలా అని నువ్వు వణికిపోకూడదు. తలుపు తియ్యి, చాలు.

ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టు. మనిద్దరం కుడదాం. నాకు సరిగా రాదు, నీకు అసలే రాదు. వంకరగా వస్తే రానీ. నువ్వేసిన ఆ రెండు ముడులూ విప్పకు, అవి బయటే ఉండనీ. ఇన్నేళ్ళలో ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ బంగారంతో వేశావు, దాని పేరు ఒక్కసారీ వేయలేదు. ఈ పుస్తకం మీద అక్క పేరు వెయ్యి.

నీ చింపిరి