తల్లి గొర్రె కూత

ఒరేయ్ పవనూ,

మొన్న మీ ఇస్కూలు ముందర టీ కొట్టోడు గ్లాసులో సగం నురగే పోసినాడు. మీసానికి అంటింది తప్ప గొంతులోకి దిగింది లేదు.

ఆ పొద్దు నేనొచ్చింది నిన్ను చూసేకే. గేటు కాడ నువ్వూ నీ జతగాళ్ళూ ముక్కులు మూసుకోని, ఒక పిల్లోని చుట్టూ "మే... మే..." అని అరుస్తాండారు. అందర్లో నీ కూతే బాగుండాది. ఉండదా? తల్లి గొర్రె మాదిరి కూసి పిల్లల్ని పిలిచేది నా భుజం మీద కూర్చోని నేర్చుకుంటివి. దాన్ని ఇట్లా వాడతావనుకోలేదురా. పలకరీకుండానే ఎనక్కి తిరిగినా.

ఆ పిల్లోడు బీరేశు టీ కొట్టు కాడ ఏడుస్తాండాడు.

"మా నాయన గొర్లు కాస్తాడని ఏడిపిస్తారు తాతా. ఇంక బడికి రాను. ఆ పవను వాళ్ళ తాత ఉరవకొండలో పెద్ద షావుకారంట" అన్యాడు.

ఆ షావుకారు గొంగడి కప్పుకోని వాని పక్కనే కూర్చున్యాడని వానికేం తెల్సు?

శెనిక్కాయ పంట ఎండిపోయినా మనింట్లో పొయ్యి వెలిగింది మన గొర్ల వల్లనే. నిన్ను గూడా గొర్లోడంటారని భయపడి నువ్వే ముందు వాణ్ణి అంటాండావు. వాడు బడి మానకముందే పోయి వాంతో మాట్లాడు. ఆదివారం మనింటికి పిల్చుకోని రా.

ఇంకోటి. గొంగడి కంపు కొడతాదని పారేసి, హాస్టలుకు దూది దిండు అడిగినావు గదా. కొత్త గలీబు తొడిగి ఇచ్చినా గానీ, లోపల నింపింది మన గొర్రెబొచ్చే. "మెత్తగుండాది తాతా, నిద్ర బాగ పడతాండాది" అని ఫోన్లో నువ్వే చెప్తివి.

మీ తాత